తుపాకి తీసేసిన ఆట

అమీర్‌పేట, హైదరాబాద్
9 జూలై 2005

రాజనర్సూ,

నాకు ఉద్యోగం వచ్చింది. అరవై ఏళ్లవాడికి ఉద్యోగమేంటని నవ్వుతావని తెలుసు, అందుకే ముందుగా ఆ ముక్క రాసేస్తున్నాను. పంజాగుట్టలో నీ టైలరింగ్ షాపు ఉండిన సందుకి ఎదురుగా, చీరల కొట్టు పైన మూడో అంతస్తులో ఆఫీసు. నా పని చావడం.

కంప్యూటర్లో ఆడుకునే ఆటలు తయారుచేసే కంపెనీ అది. నడిపేది తారక్ అని, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి, భీమవరం వైపు వాళ్లు. రేడియో నాటకాల్లో పాతవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగితే ఎవరో నా పేరు చెప్పారట. ఇంటికొచ్చి, చెప్పులు బయట విడిచి, కుర్చీ అంచున కూర్చుని, "మీరు బాగా అరవగలరని విన్నానండి" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు మనిద్దరం ఒకే మైకు ముందు నిలబడి చేసిందాన్ని ఇంత మర్యాదగా ఎవరూ కుదించలేదు.

ఆట ఏమిటంటే, తెరమీద ఒక ఊరు కనబడుతుంది. ఊళ్లోవాళ్లంతా చచ్చిపోయి, లేచి తిరుగుతుంటారు. ఆడేవాడి చేతిలో తుపాకి ఉంటుంది. కనబడిన శవాన్నల్లా కాల్చుకుంటూ పోవాలి. ఒక విదేశీ కంపెనీ వీళ్లచేత చేయించుకుంటోంది. శవాలకి అరుపులు కావాలి. "అరుపుకి భాషేముందండీ, మీరు అరిస్తే అక్కడివాళ్లకీ అర్థమవుతుంది" అన్నాడు తారక్.

అరవడానికి చిన్న అద్దాల గది ఉంది. అద్దం అవతల సుమలత అనే అమ్మాయి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటుంది. మీ పద్మశాలీల పిల్లే, సిద్దిపేట. ఆట నడిచే ప్రోగ్రాము రాసేదీ, రికార్డింగు చూసుకునేదీ తనే. మొదటిరోజు గుండెలో గుండు దిగినట్టు అరిస్తే మెచ్చుకుంది. "మస్తు సచ్చిండ్రు సార్. కాని జర తొందరగ సావాలె. ఆడెటోళ్లకు అంత టైముండది." మన రోజుల్లో చావడానికి మూడు నిమిషాలిచ్చేవాళ్లు. ఇక్కడ ఒకటిన్నర సెకను.

మా ఇంటి చుట్టూ నువ్వు గుర్తుపట్టలేవు. మా గోడకి కూడా కంప్యూటర్ కోచింగ్ బోర్డు పెట్టారు. పొద్దున్నుంచీ మెట్లమీద పుస్తకాలు పట్టుకున్న పిల్లలు. నేను పైకి పోతుంటే "ఎక్స్‌క్యూజ్ మీ అంకుల్" అని పక్కకి జరుగుతారు. రోజు మొత్తంలో నాతో ఎవరైనా అనే మాట అదే. అందుకే ఒప్పుకున్నానేమో.

నీ గొంతు ఉండి ఉంటే ఈ పనికి నన్ను కాదు, నిన్ను పిలిచేవాళ్లు. ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని మరీ చదువుతావు కనక వదిలేస్తున్నాను.

నీ
అచ్యుతరావు


సిరిసిల్ల
21 జూలై 2005

అచ్యుతరావన్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు కొట్టేయని వాక్యం మూడోసారి సుత చదివాను. ఫికర్ చేయకు. ఆపరేషన్‌తో నా గొంతు పోయిందని నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు. అది నాకు వినపడకుండా మాట్లాడాలని చూసేది నువ్వొక్కడివే.

ఇక్కడ నేను బడి పిల్లల యూనిఫాములు కుడుతున్నాను. మెడలో పలక ఉంటుంది. కొలతల కోసం వచ్చినవాళ్లు నాతో గట్టిగా అరిచి మాట్లాడతారు. గొంతు పోయినవాడికి చెవులు కూడా పోయాయనుకుంటారు. నన్ను కట్టుకున్న కొమురమ్మకి మాత్రం పలకతో పనిలేదు. నేను సుద్దముక్క అందుకునేలోపే "ఏమొద్దు, ఊకో" అంటుంది. ముప్పై ఏళ్లు రేడియోలో మాట్లాడినవాడికి ఇంతకంటే పెద్ద విమర్శ రాలేదు.

నీకు ఒకటి చెప్పాలి. ఆ శవాలు ఎందుకు లేచాయో అడిగావా? ఏదో కావాలని లేచి ఉంటాయి కదా. ఏం కావాలో తెలియకుండా అరిస్తే అది దగ్గు లాగా ఉంటుంది. నటుడికి ఆ మాత్రం చెప్పాలి వాళ్లు. అడుగు.

మనం కలిసి రెండేళ్ల నాలుగు నెలలైంది. గుర్తు చేయడానికి రాయలేదు, లెక్క చూస్తే అంత వచ్చింది.

రాజనర్సు


అమీర్‌పేట
16 ఆగస్టు 2005

రాజనర్సూ,

అడిగాను. "వైరస్ అండీ" అన్నాడు తారక్. ఏం కావాలని లేచాయి అని మళ్లీ అడిగాను. తలగోక్కుని, "మనల్ని కొరకాలనండీ" అన్నాడు. అంతకుమించి వాళ్లకీ తెలియదు.

ఇప్పటికి నలభై ఆరు రకాలుగా చచ్చాను. మెడమీద గొడ్డలి పడితే ఒకటి, మేడమీంచి పడితే ఒకటి, మంటల్లో ఒకటి. నీళ్లలో మునిగే అరుపు కోసం స్టీలు గ్లాసులో నోరు పెట్టి అరిచాను. ఇంటికొచ్చాక మాట పెగలదు. మాట్లాడాల్సిన అవసరమూ రాదనుకో. మిరియాల పాలు కాచుకుని తాగుతున్నాను.

సిరిసిల్ల రావాలనే ఉంది. రికార్డింగు అయ్యేదాకా వీళ్లు కదలనివ్వరు. దసరా వెళ్లాక చూద్దాం. కొమురమ్మని అడిగానని చెప్పు.

అచ్యుతరావు


అమీర్‌పేట
17 సెప్టెంబరు 2005

రాజనర్సూ,

నేను ఆ ఉద్యోగం మానేశాను. ఎందుకో నీకొక్కడికే రాస్తున్నాను.

విదేశీ కంపెనీకి పంపేముందు ఆట ఎలా వచ్చిందో చూద్దామని తారక్ ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టాడు. పదిమందిమి ఉన్నాం. గోడమీద పెద్ద తెర. ఖాళీ వీధి, తలుపులు విరిగిన ఇళ్లు, అన్నీ బాగా గీశారు. మలుపు దగ్గర్నుంచి శవం ఒకటి కుంటుకుంటూ వచ్చింది. నా అరుపు వినబడుతుందని నేను కొంచెం గర్వంగానే ముందుకి వంగాను.

"ఛాయా, కళ్లజోడు ఎక్కడ పెట్టానే?" అంది శవం.

నా గొంతే. గదిలో నాలుగు మూలల్నుంచీ వినిపించింది. వెనక ఇంకొకటి వచ్చి, "పాలు పొంగుతున్నాయేమో చూడు" అంది. మూడోది గోడ పక్కన ఆగి, "నాకు ఆకలి లేదు, నువ్వు తినేసేయ్" అంది.

జరిగిందేమిటంటే, అరుపుకీ అరుపుకీ మధ్య నేను విశ్రాంతి తీసుకునేటప్పుడు కూడా టేపు తిరుగుతూనే ఉంది. సుమలత ఆ టేపులోంచి అరుపులు కోసి ఆటలో పెట్టి, మధ్యలో మాటలు పారేయాలి. తొందరలో పారేయాల్సినవి పెట్టేసింది. దగ్గరికొచ్చి అరవగానే శవం మీదపడేలా ప్రోగ్రాము రాసుకున్నారట. అరుపే లేదు కనక ఏ శవమూ మీదపడలేదు. ఆడే మనిషి దగ్గరికి వచ్చి, మాట చెప్పి, అలా నిలబడిపోయాయి. తారక్ చేతిలో తుపాకి ఉంది. కాల్చలేదు. గదిలో ఎవరూ నవ్వలేదు. బొమ్మలు గీసే అమ్మాయి ఒకతె లేచి బయటకి వెళ్లిపోయింది.

నవ్వినా బాగుండేది.

నీకెప్పుడూ రాయలేదు. ఛాయ పోయిన ఈ నాలుగేళ్లుగా ఇంట్లో తనతో పైకే మాట్లాడుతున్నాను. మతి తప్పలేదు, తను లేదని తెలుసు. పొద్దున లేచి ఒక్క మాటయినా అనకపోతే ఇల్లు నన్ను మింగేసేలా ఉంటుంది. ఆ అద్దాల గదిలో తలుపు వేస్తే బయటి చప్పుడు ఏదీ రాదు, అచ్చం మా వంటిల్లు. నాకు తెలియకుండానే మాట్లాడుకున్నాను.

కండువా అక్కడే మర్చిపోయి వచ్చేశాను. పంజాగుట్ట నుంచి ఇంటిదాకా నడిచాను. దారిలో ఎవరైనా పలకరిస్తారేమోనని భయమేసింది. ఎవరూ పలకరించలేదు.

అచ్యుతరావు


సిరిసిల్ల
28 సెప్టెంబరు 2005

అన్నా,

కోపంతో రాస్తున్నాను, అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది. మైకుకి చెప్పుకున్నావు. పదిమంది కొత్తవాళ్ల ముందు బయటపడ్డావు. నాకు నాలుగేళ్లలో ఒక్క ముక్క రాయలేదు. వదిన పోయిన రోజు నీ పక్కన కూర్చున్నది నేను. అప్పుడు నాకు గొంతు ఉంది. నువ్వేమీ అడగకుండానే అర్థం చేసుకుని ఏదేదో మాట్లాడుతూ కూర్చున్నాను.

కొమురమ్మ పక్కన నిలబడి నీ ఉత్తరంలో ఏముందో చెప్పమంది. పలక మీద రాయలేక కాగితమే ఆమె చేతికిచ్చాను, కూడబలుక్కుని చదివింది. తర్వాత అడిగింది. "గంత పెద్ద పట్నంల ఆయనకు మాట్లాడెటోళ్లు దొరకలేదా? బస్సెక్కి ఈడికొస్తే ఏమైతది?"

ఇక ఆట సంగతి. ఉద్యోగం మానకు. తుపాకి చేతిలో ఉన్నవాడు కాల్చలేకపోయాడని రాశావు చూడు, అది నీకు తలవంపులా కనబడింది. నాకు అలా కనబడలేదు. నలభై ఆరు చావులు చచ్చినా రానిది నీ కళ్లజోడు మాటకి వచ్చింది. ఆ శవాలు ఎందుకు లేచాయో ఇప్పుడు తెలిసింది కదా. ఎవరైనా జవాబు చెప్తారేమోనని లేచాయి.

రాజనర్సు


అమీర్‌పేట
20 అక్టోబరు 2005

రాజనర్సూ,

నీ కోపం న్యాయమే. దాని గురించి తర్వాత రాస్తాను.

తారక్, సుమలత మా ఇంటికి వచ్చారు. కండువా ఉతికి, మడతపెట్టి తెచ్చారు. సుమలత కూర్చోలేదు. "తప్పు నాదే సార్. కాని గా రోజు సంది మా బాపు యాదికొస్తుండు. మగ్గం కాడ గట్లనే తనల తను మాట్లాడుకుంటడు. ఏందో అని మేమెన్నడు అడగలే" అంది. మధురానగర్ హాస్టల్లో ఉంటుందట. ఆ రోజు సాయంత్రం వాళ్ల అమ్మకి ఫోన్ చేసి, ఏం మాట్లాడాలో తెలియక పెట్టేసిందట.

తారక్ నీళ్లు తాగి, "తుపాకి తీసేద్దామనుకుంటున్నామండీ" అన్నాడు.

ఆటంతా మార్చేస్తున్నారు. ఇప్పుడు ఆడేవాడి చేతిలో ఏమీ ఉండదు. ఊళ్లో నడుస్తాడు. చచ్చినవాళ్లు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చి, తమకి మిగిలిపోయిన మాట చెప్తారు. కదలకుండా చివరిదాకా వింటే ఆ మనిషి తన ఇంట్లోకి వెళ్లిపోయి తలుపు వేసుకుంటాడు. వినకుండా నడిచిపోతే వీధిలోనే ఉండిపోతాడు. అంతే ఆట. నిలబడి వినడం తప్ప చేయాల్సిందేమీ లేదు. నేను అడిగాను, ఇది ఎవరైనా ఆడతారా అని. తెలియదండీ అన్నాడు. మూడు నెలల్లో అతని నోట విన్న మొదటి నిజాయితీ మాట.

విదేశీ కంపెనీ వాళ్లు చూసి, మేం అడిగింది ఇది కాదని తెగతెంపులు చేసుకున్నారు. ఆఫీసులో నలుగురు మాదాపూర్లో పెద్ద కంపెనీలకి వెళ్లిపోయారు. వాళ్ల కుర్చీలు ఇంకా అలాగే ఉన్నాయి. కంప్యూటర్ల మీద గుడ్డలు కప్పారు.

నలభైమూడు మంది శవాలున్నారు. అందరికీ తెలుగులోనే మాటలు కావాలి. నాకు చెప్పడమే వచ్చు, రాయడం రాదు. మన నాటకాల్లో నోటికి పట్టని మాటలన్నీ సరిచేసింది నువ్వే. రాస్తావా?

అచ్యుతరావు


సిరిసిల్ల
18 నవంబరు 2005

అన్నా,

మాటలు వేరే కాగితాల్లో పెట్టాను. ఇరవై రోజులు పట్టింది. మరమగ్గాల షెడ్ల దగ్గర కూర్చున్నాను, బీడీలు చుట్టే ఆడవాళ్ల దగ్గర కూర్చున్నాను. నేను మాట్లాడలేను కనక నా ముందు అందరూ మాట్లాడతారు. అందులోంచి ఏరుకున్నాను. ఎవరికీ పెద్ద మాట పెట్టలేదు. చచ్చినవాడికి ఉపదేశం మిగలదు, పని మిగులుతుంది.

"తలుపు జర దగ్గరికేసి పో, పిల్లి జొరవడ్తది" అనేది ముసలామె. "నా చెప్పులు ఎవ్వలేసుకపోయిండ్రు?" అని ఒకాయన అందరినీ అడుగుతాడు. "అక్కా, నీ రైక కుట్టుడైంది, తీస్కపో" అనేవాడు దర్జీ, వాడు నా చుట్టమే అనుకో. ఒక పెళ్లికాని పిల్ల "ఏం లేదు, ఊకెనే పిలిచిన" అంటుంది, అంతకంటే ఏమీ అనదు. వీళ్లను నువ్వు ఒక్కడివే చెప్పలేవు. ఆడవాళ్ల మాటలు సుమలతతో చెప్పించు, ఆమె యాస మార్చవద్దని నా మాటగా చెప్పు.

లెక్కపెట్టుకో, నలభై రెండే ఉంటాయి. నలభైమూడోవాడికి మాట రాయలేదు. వాడికి గొంతు లేదు. వచ్చి నిలబడతాడు, చెప్పాలని చూస్తాడు, రాదు. వాడి ముందు ఆడేవాడు నిలబడతాడా, నడిచిపోతాడా చూడాలి.

నువ్వు నడిచిపోయావు కనక అడుగుతున్నాను.

ఆపరేషనైన ఐదోరోజు. కొమురమ్మ మందులు తీసుకుని ఆసుపత్రి మెట్లెక్కుతుంటే నువ్వు దిగుతున్నావు. చేతిలో బత్తాయిల సంచి. తల వంచుకుని ఉన్నావు, ఆమెను చూడలేదు. ఆమె పైకొచ్చి "అన్న వచ్చిండా?" అని అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఊళ్లో లేను, రాలేకపోయాను అని నువ్వు తర్వాత రాసిన ఉత్తరం ఇంకా నా దగ్గర ఉంది. నువ్వే ఎప్పుడో ఒకసారి చెప్తావని ఇన్నాళ్లు ఆగాను.

రాజనర్సు


అమీర్‌పేట
5 డిసెంబరు 2005

రాజనర్సూ,

నిజమే. వచ్చాను.

నీ గది తలుపుకి చిన్న అద్దం ఉంది. అందులోంచి చూశాను. మంచం మీద కూర్చుని నర్సుకి పలక మీద ఏదో రాస్తున్నావు. ఆమెకి అర్థం కాలేదు. తుడిచి మళ్లీ రాశావు. మళ్లీ తుడిచావు. ఎవరేం రాసిచ్చినా ఒక్కసారి చూసి చదివేసే రాజనర్సు, గ్లాసెడు నీళ్ల కోసమో దేనికోసమో మూడుసార్లు తుడిచి రాశాడు. తలుపు తోయలేకపోయాను.

ఛాయ పోయి అప్పటికి ఏడాదిన్నర. ఇంకొక గొంతు ఆగిపోవడం చూడలేకపోయానని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. అసలు సంగతి ఇది: మన స్నేహమంతా మాటల్లోనే ఉందని అనుకున్నాను. నీకు మాట పోతే నీ పక్కన కూర్చుని ఏం చేయాలో నాకు తెలియలేదు. బత్తాయిలు బస్టాపు బల్లమీద వదిలేశాను.

ఊళ్లో లేనని అబద్ధం రాశాను. ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చినప్పుడల్లా నువ్వు దాన్ని నమ్మావనుకుని తేలికపడ్డాను. నువ్వు నమ్మినందుకు సిగ్గుపడ్డాను కూడా. ఇప్పుడు చూస్తే నువ్వు ఏనాడూ నమ్మలేదు.

ఇంతకంటే రాయడానికి లేదు.

అచ్యుతరావు


సిరిసిల్ల
13 డిసెంబరు 2005
(కార్డు)

అన్నా,

ఉత్తరం అందింది. ఉత్తరంలో చెప్పడం మైకుకి చెప్పడం లాంటిదే, ఎదుటివాడి ముఖం చూడక్కర్లేదు.

జూబ్లీ బస్టాండులో పొద్దున ఆరున్నరకి సిరిసిల్ల బస్సు ఉంది.

రాజనర్సు


అమీర్‌పేట
9 జనవరి 2006

రాజనర్సూ,

క్షేమంగా చేరాను. కొమురమ్మ కట్టిచ్చిన సకినాలు బస్సులోనే సగం అయిపోయాయి.

నాలుగు రోజులున్నాను కదా, మళ్లీ ఉత్తరమెందుకని అనుకుంటావు. నాలుగు రోజుల్లో ఆసుపత్రి మాట ఎత్తలేకపోయాను కనక. నేను గొంతు సవరించుకున్నప్పుడల్లా నువ్వు మిషను తొక్కావు. చప్పుడు ఆగేసరికి నా ధైర్యం కూడా ఆగిపోయేది. మొదటిరోజు నేనెంత కంగారుపడ్డానంటే, నువ్వు పలక మీద "అన్నం తిందాం" అని రాస్తే నేనూ పలక అందుకుని "సరే" అని రాశాను. కొమురమ్మ చూసి, "నీకేమైందన్నా, నీ నోరు మంచిగనే ఉన్నది గద" అంది. ఆమె నవ్వింది, నువ్వూ నవ్వావు. నీ నవ్వు చప్పుడు లేకుండా భుజాల్లో వస్తుందని అప్పుడే చూశాను.

తర్వాత అలవాటైంది. నువ్వు గుండీలు కుడుతుంటే నేను దారం ఎక్కించి ఇస్తూ కూర్చున్నాను. ఒక పూటంతా ఒక్క మాట లేదు. ఖాళీగా అనిపించలేదు. ఆపరేషన్‌లో నీ మెడకి పెట్టిన రంధ్రంలోంచి వచ్చే ఊపిరి చప్పుడు వింటూ, మనిషి పక్కన ఉంటే ఇలా ఉంటుందా అనుకున్నాను. ఇంటికొచ్చి తాళం తీస్తే ఆ చప్పుడు లేకపోవడమే ముందు వినిపించింది.

సంచిలో టేపురికార్డరు ఉంది. తారక్ ఇచ్చాడు. నలభైమూడోవాడి కోసం నీ ఊపిరి పట్టుకురమ్మన్నాడు. నేను సంచి జిప్పు కూడా తీయలేదు. నీకు తెలియకుండా నీ దగ్గర ఇంకేదీ చేయదలచుకోలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. పంజాగుట్ట వచ్చి మైకు ముందు నిలబడతావా? రానంటే వాణ్ణి ఆటలోంచి తీసేస్తారు. నేనే తీసేయమంటాను.

అచ్యుతరావు


అమీర్‌పేట
30 ఏప్రిల్ 2006

రాజనర్సూ,

నువ్వు వచ్చి వెళ్లి రెండు నెలలు దాటింది. ఆ రోజు రికార్డింగు అవగానే మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయావు. నేను కూడా ఆపలేదు. ఇన్నాళ్లు రాయకపోవడానికి ఆట పూర్తికావాలని ఒక సాకు పెట్టుకున్నాను. అది పూర్తయింది.

కొనే కంపెనీ ఏదీ దొరకలేదు. చచ్చినవాళ్ల మాటలు వింటూ నిలబడే ఆట ఎవరికి కావాలని అందరూ ఒకే రకంగా అడిగారట. చివరికి ఒక కంప్యూటర్ పత్రిక వాళ్లు తమ సంచికతోపాటు సీడీగా పంచారు. మా వీధి నెట్ సెంటర్లో కూడా తారక్ పెట్టించాడు. కోచింగ్ పిల్లలు ఇంటర్వ్యూల మధ్య వచ్చి ఆడతారు. నేను వెనక బల్లమీద కూర్చుని చూస్తుంటాను. ఆ గొంతు నాదని వాళ్లకి తెలియదు.

దర్జీ మాటకి నవ్వుతారు. ఊరికే పిలిచిన పిల్ల దగ్గర మౌసు మీంచి చేయి తీసేస్తారు. నలభైమూడోవాడి దగ్గర, అంటే నీ దగ్గర, చాలామంది వెళ్లిపోతారు, రాజనర్సూ. అబద్ధం రాయను. కంప్యూటర్ చెడిపోయిందనుకుని యజమానిని పిలుస్తారు. కానీ మొన్న గుంటూరు వైపు అమ్మాయి ఒకతె, ఉద్యోగం కోసం వచ్చి ఏడాదైందట, నీ ఊపిరి వినబడే పదకొండు నిమిషాలూ నీ ముందు నిలబడింది. నువ్వు ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాక లేచి, పక్కవాళ్లని "ఏం చెప్పాడో మీకెవరికైనా తెలిసిందా?" అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

పంజాగుట్ట ఆఫీసు ఖాళీ చేశారు. తారక్ మాదాపూర్లో ఉద్యోగంలో చేరాడు, మెడలో ఐడీ కార్డుతో వచ్చి కనబడి వెళ్లాడు. సుమలతకి పుణేలో వచ్చింది. వెళ్లేముందు వాళ్ల నాన్న దగ్గర వారం రోజులుండి వచ్చిందట. నన్ను అడిగింది, "రాజనర్సు సార్ గా రోజు ఏమన్నరు సార్? మీకు సమజైందా?" అని. తెలియదన్నాను.

నాకు తెలుసు. అద్దం ఇవతల్నుంచి నీ పెదాలే చూస్తున్నాను. ఏళ్లతరబడి నీ మాట ఎక్కడ ఆగుతుందో చూసి నా మాట అందుకున్నవాణ్ణి. సుమలత చేయి ఊపగానే నువ్వు ఊపిరి తీశావు, మైకుకి బెత్తెడు దూరంలో నిలబడ్డావు, పాత రోజుల్లోలాగే ఎడమచేయి వెనక్కి పెట్టుకున్నావు. హెడ్‌ఫోన్లలో వాళ్లకి గాలి చప్పుడు మాత్రమే. నాకు మాటలు కనబడ్డాయి.

ఆసుపత్రి కిటికీలోంచి రోజూ గేటు వైపు చూసేవాణ్ణి అన్నావు. ఆ రోజు నర్సుని అడిగింది నీళ్లు కాదు, బయట ఎవరైనా వచ్చారా అని అన్నావు. గొంతు పోయినప్పుడు ఏడవలేదు, ఏడిస్తే ఎలా వినబడుతుందోనని భయపడ్డాను అన్నావు. కొమురమ్మ నా పేరెత్తితే పలక బోర్లా పెట్టేవాణ్ణి అన్నావు. జనవరిలో నేను బస్సు దిగినప్పుడు నన్ను చూసి, ముసలివాడైపోయాడు అనుకున్నానన్నావు. చివర్లో, మాఫ్ చేసిన అన్నా, అన్నావు.

సరిగ్గా విన్నానా? తప్పుంటే రాయి.

అచ్యుతరావు


సిరిసిల్ల
11 మే 2006

అన్నా,

అన్నీ సరిగానే విన్నావు. నర్సు సంగతి, పలక సంగతి, ముసలివాడైపోయావన్న సంగతి కూడా. ఇన్నేళ్లలో ఇంత పొడుగు మాట నా నోట వచ్చింది ఆ రోజే. దాన్ని ఒక్కడైనా అందుకున్నాడని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. కొమురమ్మకి చదివి వినిపించలేను కనక కాగితం ఇచ్చాను. ఆమె మెల్లగా చదువుకుంటూ మధ్యలో లేచి పోయి, పొయ్యి దగ్గర చాలాసేపు నిలబడింది.

చివరి మాట మాత్రం నువ్వు వినలేదు. అప్పుడు నువ్వు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నావు. అద్దంలోంచి నేను చూస్తూనే ఉన్నాను. సగం మాట కనబడి ఉంటుంది, మిగతా సగం నీకు కావాల్సినట్టు పూరించుకున్నావు.

నేను అన్నది ఇది: "మాఫ్ చెయ్యలే అన్నా. అయినా నువ్వు వస్తూ ఉండు."

రాజనర్సు